ఒంటరి తెడ్డుయానం: నడిసముద్రంలో దినచర్య

తెరచాపా ఇంజనూ లేని పడవలో ఒకే మనిషి తెడ్లు వేసుకుంటూ మహాసముద్రాన్ని దాటడమే ఒంటరి తెడ్డుయానం. దీన్ని మొదట సాధించింది బ్రిటన్‌కు చెందిన జాన్ ఫెయిర్‌ఫాక్స్. 1969 జనవరిలో కెనరీ దీవుల్లో బయలుదేరి, 180 రోజులకు, జూలై 19న ఫ్లోరిడా తీరం చేరారు. ఆ మర్నాడే మనిషి చంద్రుడిపై దిగాడు. రికార్డుల్లో రోజులూ దూరాలే కనిపిస్తాయి గానీ, యాత్ర నిలిచేదీ ఆగిపోయేదీ చాలావరకు తెడ్డు వెయ్యని గంటల్లోనే తేలుతుంది.

ఇలాంటి పడవ పొడవు సుమారు 7 మీటర్లు. నడుమ పట్టాలపై ముందుకూ వెనక్కూ జరిగే పీట, ఒక చివర పడుకోవడానికి మాత్రమే చాలే గది. తిండి సామానంతా అడుగు అరల్లో సర్దుతారు. ఆ బరువు కిందే ఉండడం వల్ల అల బోల్తా కొట్టించినా పడవ తనంతట తాను నిటారుగా లేస్తుంది. అయితే గది తలుపు మూసి ఉంటేనే అలా లేస్తుంది. అందుకే ఉష్ణమండలపు ఉక్కలో కూడా తలుపు బిగించుకుని పడుకోక తప్పని రాత్రులుంటాయి.

జట్టుగా వెళ్లేవాళ్లు వంతులవారీగా తెడ్లు వేస్తారు కాబట్టి వాళ్ల పడవ రాత్రింబగళ్లు నడుస్తుంది. ఒంటరి మనిషి పడుకుంటే పడవ గాలి తోసినట్టు పోతుంది. కెనరీ దీవుల నుంచి కరీబియన్‌కు వెళ్లే దారికి అంత ఆదరణ ఇందుకే: అక్కడ వ్యాపార పవనాలు పడమటికి వీస్తూ, నిద్రపోతున్నప్పుడు కూడా పడవను గమ్యంవైపే నెడతాయి. గాలి ఎదురు తిరిగితే రాత్రి తెల్లవారేసరికి పగటి కష్టంలో కొంత వెనక్కి పోతుంది. అప్పుడు పారాచూట్ ఆకారపు గుడ్డ లంగరును నీళ్లలోకి వదిలి, పడవ కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతారు. ఒక్కోసారి రోజుల తరబడి గదిలోనే గడపాల్సి వస్తుంది. శరీరానికి అది విశ్రాంతే, మనసుకు మాత్రం తెడ్డు వెయ్యడం కన్నా కష్టం.

గాలి అనుకూలిస్తే రోజుకు పది పన్నెండు గంటలు, రెండు మూడు గంటల విడతలుగా తెడ్లు వేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండకు తప్పుకుని, చల్లబడ్డాక మళ్లీ పీట మీద కూర్చుంటారు. నిద్ర ముక్కలుముక్కలుగానే దక్కుతుంది. దగ్గరికొచ్చే ఓడల జాడ చెప్పే పరికరం మోగితే లేవాలి, ఎందుకంటే అలల నడుమ ఇంత చిన్న పడవ ఓడవాళ్ల కంటికి ఆనదు.

తాగునీటిని ఉప్పునీటి నుంచి తీసే యంత్రం సౌరవిద్యుత్తుతో నడుస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లో కరెంటును పొదుపుగా వాడి, ముందు నీటికే కేటాయిస్తారు. యంత్రం చెడిపోతే చేతిపంపే దిక్కు. కొద్ది నీటికోసం చాలాసేపు కొట్టాలి. తిండి ఎక్కువగా వేడినీళ్లు పోస్తే మెత్తబడే ఎండు భోజనం, గింజలు, చాక్లెట్లు. ఎంత తిన్నా ఖర్చయ్యే శక్తికి చాలదు, చాలామంది తీరం చేరేసరికి బాగా చిక్కిపోతారు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది చర్మం. ఆరిన ఉప్పు గరుకుగా మారి బట్టకూ ఒంటికీ మధ్య ఒరుసుకుంటుంది. రోజంతా కూర్చునే చోట పుళ్లు లేస్తాయి. అవి చీము పడితే పీట మీద కూర్చోవడమే గగనమవుతుంది. కాబట్టి ప్రతి విడత తర్వాతా మంచినీళ్లతో తుడుచుకోవడం, ఆరనివ్వడం, మందు రాయడం తెడ్డు వేసినంత ముఖ్యమైన పనులు. పీట మీద గొర్రెతోలు పరచుకునేవాళ్లున్నారు, బట్టలే వేసుకోనివాళ్లూ ఉన్నారు. అరచేతులు మొదట బొబ్బలెక్కి, తర్వాత కాయలు కాస్తాయి. తెల్లవారి లేచేసరికి వేళ్లు తెడ్డు పట్టిన తీరులోనే ముడుచుకుని ఉంటాయి. బకెట్టే మరుగుదొడ్డి. పడవ అడుగున గుల్లలు పట్టి వేగం తగ్గితే, ఒంటికి తాడు కట్టుకుని నీళ్లలోకి దిగి గీకాలి. చుట్టూ వేల మీటర్ల లోతున్న సముద్రంలో పడవను వదిలి దిగడానికి కావలసిన గుండె నిబ్బరం చిన్నది కాదు.

ఇవన్నీ ఓర్చుకుని, 1999లో అమెరికాకు చెందిన టోరి ముర్డెన్ 81 రోజుల్లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన తొలి మహిళ అయ్యారు. అంతకు ముందు ఏడాది తుపానులో పడవ పదేపదే బోల్తాపడడంతో ఆమె ప్రయత్నం మధ్యలోనే ఆగిపోయింది. భారతీయుల్లో భవిక్ గాంధీ 2007లో 106 రోజుల్లో అదే సముద్రాన్ని దాటారు. బెంగళూరు మూలాలున్న అనన్య ప్రసాద్ 2025లో ముగించిన యాత్రకు 52 రోజులు పట్టింది.

దినచర్య చెదిరిపోయినా యాత్ర సాగించవచ్చనడానికి బ్రిటిష్ మహిళ రోజ్ సావేజ్ ప్రయాణమే సాక్ష్యం. 2005 నవంబరులో ఆమె కెనరీ దీవుల నుంచి బయలుదేరారు. దారిలో నాలుగు తెడ్లూ విరిగాయి, అతుకులు వేసి వాడుకున్నారు. పొయ్యి పాడైంది, చల్లటి తిండే తిన్నారు. చివరి 24 రోజులు శాటిలైట్ ఫోను కూడా పనిచెయ్యలేదు. 103 రోజులకు ఆంటిగ్వా చేరారు. తర్వాత పసిఫిక్‌ను 2008 నుంచి 2010 వరకు మూడు విడతల్లో, హిందూ మహాసముద్రాన్ని 2011లో ఒంటరిగానే దాటారు.