సహాయక పరికరాల సలహా సేవ

వైకల్యం ఉన్న వ్యక్తికి ఏ పరికరం కావాలో, ఏ కొలతల్లో ఉండాలో, దాన్ని ఎలా వాడాలో శిక్షణ పొందిన నిపుణులు ఆ వ్యక్తితో కూర్చుని తేల్చే ప్రక్రియే సహాయక పరికరాల సలహా. చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కృత్రిమ కాలు, తెల్ల కర్ర, ఫోను తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, మాట రాని పిల్లలు వేలితో చూపే బొమ్మల పలక, అన్నీ దీని కిందికే వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 250 కోట్ల మందికి పైగా కనీసం ఒక సహాయక పరికరం అవసరం. కొన్ని పేద దేశాల్లో అవి అందుతున్నది అవసరమున్నవారిలో 3 శాతం మందికే.

ఈ అంకెలు చూసి పంపిణీ పెంచితే చాలనుకోవడం పొరపాటు. 1993లో ఫిలిప్స్, జావో అనే పరిశోధకులు అమెరికాలో 227 మంది వయోజనులను అడిగి చూస్తే, పరికరాల్లో 29.3 శాతం వాడకుండా వదిలేసినవేనని తేలింది. తీసుకునే మనిషి అభిప్రాయం అడగకపోవడం, పరికరం మరీ సులువుగా చేతికి రావడం, అది సరిగా పనిచేయకపోవడం, కాలంతో అవసరాలు మారడం ఇందుకు కారణాలుగా కనిపించాయి. మొదటి కారణం దగ్గర ఆగి ఆలోచించాలి. దాన్ని సరిదిద్దడానికి డబ్బు అక్కర్లేదు, అడిగే ఓపిక ఉంటే చాలు.

సలహా ఎందుకు కావాలో చక్రాల కుర్చీ దగ్గర స్పష్టంగా తెలుస్తుంది. ఆసుపత్రుల్లో కనిపించే మడత కుర్చీ రోగిని కాసేపు తోసుకెళ్లడానికి పనికొస్తుంది. రోజంతా అందులోనే గడిపే మనిషికి అది సరిపోదు. సీటు మరీ వెడల్పైతే ఒక పక్కకు ఒరిగిపోతారు, చక్రాలు చేతికి అందవు. లోతు ఎక్కువైతే సీటు అంచు మోకాలి వెనక ఒరుసుకుంటుంది. అందుకే అక్కడ రెండు వేళ్ల సందు వదులుతారు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివారికి పిరుదుల కింద ఒత్తిడి తెలియదు. సరైన మెత్త లేకపోతే, మధ్యమధ్యలో ముందుకు వంగి బరువు మార్చుకోవడం ఎవరూ నేర్పకపోతే పుండు పడుతుంది. అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు కుర్చీ అందించడాన్ని ఎనిమిది దశలుగా చూపాయి. అందులో కొలతలు, అమరిక, శిక్షణ, తర్వాతి మరమ్మతు కూడా ఉన్నాయి. ఒంటి కొలతలతో పాటు ఇంటి కొలతలూ కావాలి: గడప ఎత్తు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు, వాకిట్లోంచి రోడ్డుదాకా దారి, ఆటోలో కుర్చీ పడుతుందా లేదా.

కృత్రిమ కాలు విషయంలో బతుకుతీరు ఇంకా ముఖ్యం. డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ రూపొందించిన జైపూర్ పాదం నిలబడటానికి కారణం అదే. గొంతుకూర్చోవడానికి, చెప్పుల్లేకుండా నడవడానికి, పొలంలో దిగడానికి వీలుగా దాన్ని చేశారు. కాలు తీసేసిన తర్వాత మిగిలిన భాగం నెలల తరబడి కుంచించుకుపోతూ ఉంటుంది కాబట్టి మొదట బిగించిన తొడుగు తర్వాత వదులవుతుంది, మార్చక తప్పదు.

వినికిడి యంత్రానికి ముందు ఆడియాలజిస్టు చేసే పరీక్ష ఏ శబ్దానికి వినికిడి ఎంత తగ్గిందో చెబుతుంది. దానికి తగ్గట్టు యంత్రాన్ని అమరుస్తారు. పరీక్ష లేకుండా కొన్న శబ్దవర్ధకం మాటతో పాటు రొదనూ పెంచుతుంది. పిల్లల చెవి పెరిగేకొద్దీ చెవి అచ్చు కొత్తది చేయించాలి. చూపు తగ్గినవారిలో చాలామందికి ఎంతోకొంత చూపు మిగిలి ఉంటుంది. భూతద్దం, వెలుతురు సర్దుబాటుతో చదవగలిగేవారున్నారు. కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఖరీదైనది కొనక్కర్లేదని చెప్పడం కూడా మంచి సలహాదారు పనే.

భారతదేశంలో ఆడియాలజిస్టులు, కృత్రిమ అవయవ నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయులు 1992 చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలిలో నమోదై ఉండాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ, వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. నెల్లూరులో అన్ని వైకల్యాలకూ సేవలందించే ప్రాంతీయ కేంద్రం, హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థలో చూపు పునరావాస విభాగం పనిచేస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం 1981 నుంచి పరికరాలకు సాయం చేస్తోంది. ఒకే రకం పరికరానికి మళ్లీ సాయం సాధారణంగా మూడేళ్లకు, 12 ఏళ్లలోపు పిల్లలకైతే ఏడాదికి దొరుకుతుంది. తప్పుడు కొలత కుర్చీ చేతికొస్తే ఆ మూడేళ్లూ దానితోనే నెట్టుకురావాలి.

తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరంగా తెలిసిన వైకల్య నిర్ధారణ శిబిరం ఇచ్చే సర్టిఫికెట్ వైకల్యం ఎంత శాతమో చెబుతుంది, పింఛనుకు ఆధారమవుతుంది. ఏ పరికరం సరిపోతుందో మాత్రం చెప్పదు. రెండూ ఒకటేననుకుని చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతున్నాయి. పంపిణీ శిబిరంలో పరికరం ఇస్తామన్నప్పుడు కొలతలు ఎవరు తీస్తారో, పాడైతే ఎక్కడ బాగుచేస్తారో, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో అడగండి. జవాబులు తోడు వచ్చినవారికి కాక, వాడబోయే మనిషికే చెప్పమని కోరండి.