తెలుగునాట యూదుల గుడి, గడప

సూర్యాపేట ప్రాంతాన్ని ఒకసారి చుట్టివచ్చిన వారికి మన మతచరిత్రలో పెక్కు ఘట్టాలు కంటబడతాయి. ఫణిగిరి గుట్టమీద బౌద్ధుల స్తూపవిహారాలు, పిల్లలమర్రిలో కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలు, మిర్యాలగూడ మీదుగా వెళితే మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి క్షేత్రం—ప్రతి ఒక్కటీ శిలలో నిలిచిన చరిత్ర. యూదుల కట్టడం మాత్రం వీటిలో లేదు. అయినా కోదాడకు దక్షిణంగా సాగే కృష్ణమ్మయే ఒకప్పుడు యూదులను తెలుగునేలకు రప్పించినదని చెప్పవలసి ఉన్నది.

ఆ నదికి ఆవలి ఒడ్డున కొల్లూరు వజ్రపు గని ఉండేది. పదునేడవ శతాబ్దంలో దానిని దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ అరువదివేలమంది పనిచేసేవారని వ్రాశాడు. నేడా చోటు 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయపు నీటిలో మునిగి ఉన్నది. గోలకొండ వజ్రాలని లోకం పిలిచినవి ఇటువంటి గనులలో దొరికినవే. వాటి కొరకు లండనులోని పోర్చుగీసు యూదులు మధ్యధరా సముద్రపు పగడాలను, వెండిని చెన్నపట్నానికి పంపి వజ్రాలను తెప్పించుకొనేవారు. వారిలో జాక్ డి పైవా అనే వర్తకుడు 1687లో మరణించాడు. 1688లో చెన్నపట్నపు కార్పొరేషను ఏర్పడినప్పుడు దాని ఆల్డర్మన్లలో యూదు వర్తకులకు కూడా స్థానం లభించినది. ఆ వర్తకులు మనకు మిగిల్చిపోయినవి కొన్ని సమాధిరాళ్లు మాత్రమే. వారి గుడి గాని, వారి గృహాలు గాని మిగలలేదు.

గుడి అంటే యూదులకు ఏమిటో ముందు తెలుసుకోవాలి. యెరూషలేములోని వారి దేవాలయాన్ని క్రీస్తుశకం 70లో రోమనులు నేలమట్టం చేశారు. నాటినుండి వారికి ప్రతి ఊరిలోని ప్రార్థనామందిరమే, అనగా సినగాగే, శరణ్యమైనది. అందులో విగ్రహం ఉండదు. గర్భాలయం వంటి స్థానంలో ఒక పెట్టె, దానిలో చర్మపత్రంపై చేతితో వ్రాసిన తోరా గ్రంథపు చుట్ట, పెట్టెముందు జలతారు తెర, మందిరమధ్యాన గ్రంథపఠనానికి ఒక వేదిక—ఇంతే ముఖ్యాంగాలు. ప్రార్థించేవారి ముఖం యెరూషలేము వైపు ఉండాలి. ఐరోపావారికి అది తూర్పు అయితే మనకు పడమర. అందుచేత కొచ్చిన్‌లో ఆ పెట్టెను పడమటి గోడకు అమర్చారు. 1568లో వెలసిన ఆ కొచ్చిన్ మందిరపు నేలమీద చీనాదేశపు నీలిపూల పలకలు, కప్పునుండి వ్రేలాడే గాజుదీపాలు యాత్రికులను ఆకర్షిస్తాయి. విగ్రహం నిషిద్ధమైనా అందం నిషిద్ధం కాదని, దైవాజ్ఞను సుందరమైన వస్తువుతో నెరవేర్చడం పుణ్యమని వారి పెద్దలు బోధించారు.

ఈ సౌందర్యదృష్టి గుడిలోకంటె ఇంటిలోనే స్పష్టంగా కనబడుతుంది. మన గడపకు పసుపు కుంకుమలు, ద్వారానికి మామిడితోరణం ఎట్లాగో, యూదుని ఇంటి ద్వారబంధానికి కుడివైపున మెజూజా అట్లాంటిది. అది వ్రేలంత పొడవుగల చిన్న గొట్టం. దానిలో ద్వితీయోపదేశకాండపు వాక్యాలు వ్రాసిన చర్మపు ముక్కను చుట్టి ఉంచుతారు. ధనవంతుడు దానిని వెండితో చేయించుకుంటాడు, పేదవాడు కొయ్యతో సరిపెట్టుకుంటాడు. లోపలి వాక్యం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. శుక్రవారం ప్రొద్దుగుంకకముందే గృహిణి రెండు దీపాలు వెలిగించి విశ్రాంతిదినాన్ని ఆహ్వానిస్తుంది. మరునాటి రాత్రి సుగంధద్రవ్యాల చిన్న పెట్టెను వాసనచూసి ఆ దినాన్ని సాగనంపుతారు. వివాహపత్రానికి కూడా రంగురంగుల అంచులు చిత్రించి దాచుకొనే ఆచారం వారిలో ఉన్నది.

ఇప్పుడు తెలుగునాటికి తిరిగివద్దాం. గుంటూరు సమీపాన చేబ్రోలు మనకు చతుర్ముఖ బ్రహ్మ ఆలయం వలన పరిచితం. దాని ప్రక్కనే కొత్తరెడ్డిపాలెం అనే గ్రామమున్నది. అక్కడ బెనె ఎఫ్రాయిము అని తమను చెప్పుకొనే కొన్ని కుటుంబాలవారు 1991లో ఒక చిన్న సినగాగును నెలకొల్పారు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే సోదరులు వారికి నాయకులు. వీరు పూర్వం మాదిగ కులస్థులు, తరువాత క్రైస్తవులు. క్రీస్తుపూర్వం ఎనిమిదవ శతాబ్దంలో అస్సీరియనుల చేతిలో చెదరిపోయిన ఎఫ్రాయిము గోత్రంవారమని వీరి నమ్మిక. చచ్చినవారిని పూడ్చిపెట్టడం, గోమాంసం తినడం వంటి ఏ ఆచారాలను చూపి లోకం వీరిని దూరంగా ఉంచినదో, ఆ ఆచారాలనే వీరు తమ ప్రాచీనవంశానికి గుర్తులుగా చూపుతారు.

ఈ వంశకథను ఋజువుచేసే శాసనం గాని, ప్రాచీనమైన పాత్ర గాని లేదు. ఈశాన్యభారతంలోని బ్నే మెనాషే వారికి 2005లో ఇజ్రాయేలు ప్రధాన రబ్బీనుండి లభించిన గుర్తింపు వంటిది వీరికి రాలేదు. చరిత్రకారుడు దీనిని దాచరాదు. అయితే కళాచరిత్రను వ్రాసేవాడు ఇంకొక మాట కూడా చెప్పాలి. పిల్లలమర్రిలో శిలను చెక్కించడానికి సామంతుల ధనమున్నది. కొచ్చిన్‌లో నీలిపూలు పరచడానికి వర్తకుల ఓడలున్నవి. కొల్లూరు వజ్రాలను కొన్నవారికి పగడాలున్నవి. కొత్తరెడ్డిపాలెంవారికి ఇవేవీ లేవు. ఊరి గుడిలో తరతరాలుగా అడుగుపెట్టనివ్వని వారు తమకై ఒక గుడి కట్టుకొని, తాము దూరపువారము కాము, ఎన్నుకొనబడినవారము అని చెప్పుకొన్నారు. ఆ మాట వంశచరిత్రగా నిలిచినా నిలవకపోయినా, దానిని పలికించిన బాధ మాత్రం నిలువెల్లా నిజం.

వజ్రాలకోసం వచ్చిన యూదులు తెలుగునేలపై ఒక్క గోడనైనా నిలుపలేదు. నిలిపినవారు ఈ నేలమీదనే పుట్టినవారు, ఈ భాషలోనే మాటాడేవారు. చేబ్రోలుకు పోయి బ్రహ్మదేవుని దర్శించుకొనేవారు, వీలుచేసుకొని కొత్తరెడ్డిపాలెం కూడా చూసిరావడం మంచిది.