డచ్చి సమాసములలో చరిత్ర

డచ్చివారు 1605లో మచిలీపట్టణమున వర్తకశాలను స్థాపించిరి. వారి వర్తకమును గూర్చి మనము కొంత యెరుగుదుము. వారి మాటలలో దాగిన చరిత్రను గూర్చి నేడు మనవి చేయదలచితిని.

డచ్చిలో రెండు నామములు చేరి సమాసమైనచో వాని నొక్క మాటగా వ్రాయుదురు. ఊనిక సాధారణముగా పూర్వపదముపై నుండును. అక్షరవిభాగమునకు మాత్రము చెవి చాలదు, అర్థము తోడుపడవలెను. 'వల్కౌయిల్' అను మాటను 'వల్-కౌయిల్' అని విరిచినచో మృగమును పట్టుటకు త్రవ్విన గొయ్యి. 'వల్క్-ఔయిల్' అని విరిచినచో డేగను బోలిన గుడ్లగూబ.

ఇక రెండు చారిత్రకపదములను చూతము. 'స్టట్‌హౌయిస్' అనగా పురమందిరము. ఆమ్‌స్టర్‌డాములో 1648లో ఆరంభింపబడి, 1655లో ప్రవేశోత్సవము జరిగిన పురమందిరము 1808లో రాజప్రాసాద మయ్యెను. ఈ మాటలో నియమము తప్పి ఊనిక ఉత్తరపదముపై బడును. 'స్టట్‌హౌడర్' అను మాటలో నియమానుసారముగా మొదటనే నిలుచును. రాజునకు బదులుగా రాష్ట్రమును పాలించువానికి ఆ పేరు.

రెంటను 'స్టట్' అను రూప మొకటియే, అర్థము వేరు. పురమందిరమున నది పట్టణము; స్టట్‌హౌడరున దాని ప్రాచీనార్థమైన స్థానము. మన 'స్థితి' శబ్దమునకును దానికిని మూలధాతు వొక్కటే. ప్రభువు స్థానమున నిలిచినవాడు స్టట్‌హౌడర్. 1581లో డచ్చివారు స్పెయిను రాజును త్రోసిపుచ్చిరి. అయినను ఆ పదవి, నడుమ విరామములతో, 1795 వరకు సాగెను. స్థానమిచ్చిన ప్రభువు పోయెను, స్థానధారి మిగిలెను! ఆ మాటను 'పట్టణాధిపతి' అని తెనిగించినచో ఈ కథ యంతయు మరుగుపడును.