హిమగిరిపై ఏడుగురు కూలీలు

ఎవరెస్టు శిఖరమును కొంతకాలము గౌరీశంకరమని భ్రమించినవారు కలరు. ఆ రెండును వేర్వేరు గిరులు. పేరేదైనను, ఎవరెస్టు యెత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటితమైన పిమ్మట ఆ ధవళశృంగము సాహసికుల మనస్సులను విడిచిపెట్టలేదు.

1922లో జనరల్ బ్రూస్ నాయకత్వమున టిబెట్టు మార్గమున బయలుదేరిన ఆంగ్లేయుల దండు, ప్రాణవాయువు సీసాల సాయముతో సుమారు 27,300 అడుగులవఱకు ప్రాకి వెనుదిరిగెను. అంతటితో ఇండ్లకు మరలియున్న బాగుండెడిది. వర్షర్తువు ముంచుకొని వచ్చుచున్నను, క్రొత్తమంచు గుల్లగా పేరుకొనియున్నను, ఆ దండులోని మాలరీ మరియొక ప్రయత్నమునకు పూనుకొనగా, జూన్ 7వ తేదీన నార్త్ కోల్ అను కనుమ వాలుపై మువ్వురు దొరలును, బరువులు మోయు పదునలుగురు కూలీలును త్రాళ్లతో ముడివడి యెక్కుచుండ, మంచుపెళ్ల విఱిగి అందఱను క్రిందికి ఈడ్చెను. దొరలు లేచి నిలిచిరి. వెనుకటి రెండు త్రాళ్లవారు మంచుగోడ మీదినుండి అగాధమున బడిరి. ఆ తొమ్మండుగురిలో ఇద్దఱే బ్రదికిరి.

కీర్తి దొరలది, ఆ యేడుగురు కూలికి వచ్చినవారు. ఈ భేదమును నేను చిన్నదిగా నెంచజాలను. తమలో ఒక్కడైనను వారితోపాటు మరణింపలేదేయని ఆ మువ్వురు దొరలలో నొకడైన శస్త్రవైద్యుడు సోమర్‌వెల్ కుమిలిపోయెను. ఆ యాత్రానంతరమే ఆయన తిరువాన్కూరు సంస్థానములోని నెయ్యూరు మిషను ఆస్పత్రిని చూచి, అచ్చటి రోగుల దుస్థితికి కరగి, తన జీవితములో అధికభాగమును వారి సేవకే ధారవోసెను.

అట్టివాడును 1924లో మరల ఆ కొండకే పోయెను.