చెక్కపొరల విమానం



విమానం అనగానే నాబోటి తెలుగు పండితునికి ముందుగా పుష్పకమే మనసున మెదులుతుంది. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుండే వాహనమది. ఈ టపాలో చెప్పబోయేది అందుకు పూర్తిగా విరుద్ధం. చోదకుడు కాక ఆరుగురు ఎక్కితే నిండిపోయే చిన్న విమానం. పేరు ఖాయ్-1. ఖార్కివ్ విమాన విద్యాసంస్థ పేరులోని పొడి అక్షరాలే దాని నామధేయం.

1930లో వెలసిన ఆ సంస్థలో యోసిఫ్ నెమాన్ అనే యువ అధ్యాపకుడు తన విద్యార్థులతో కలిసి దీనిని రూపొందించాడు. 1932 అక్టోబరు 8న బోరిస్ కుద్రిన్ అనే వైమానికుడు దానిని తొలిసారి గాలిలోకి లేపాడు. అప్పటికి నెమాన్ వయసు ఇరవైతొమ్మిదో ఏట. ఆ వయసులో నేను పిల్లలచేత సవర్ణదీర్ఘసంధి సూత్రం వల్లె వేయిస్తున్నాను. శిష్యులచేత విమానం కట్టించిన గురువంటే నాకు గౌరవమూ, కాస్త అసూయా కలగడం సహజమే కదా!

విమానానికి తగిన అల్యూమినియం ఆనాటి సోవియట్ దేశంలో అరుదు. ఉన్నది పెద్ద బాంబరులకు పోయేది. అడవులకు మాత్రం కొదవ లేదు. అందుకే ప్లైవుడ్‌ను ఆశ్రయించారు. రష్యన్లు దానిని ‘ఫనేరా’ అంటారు. చెక్కకు ఒకవైపు బలం, రెండోవైపు చీలిపోయే గుణం. పలుచని పొరలను ఒకదానిపై ఒకటి అడ్డంగా నిలువుగా మార్చి అతికిస్తే ఒక పొర బలహీనతను మరొకటి కాస్తుంది. అటువంటి పలకలతో నున్నని దేహాన్ని మలిస్తే గాలి నిరోధం తగ్గుతుంది.

అసలు విశేషం చక్రాలది. నేల విడిచిన తరవాత వాటిని లోపలికి ముడుచుకొన్న తొలి సోవియట్ విమానం ఇదే. పక్షి కాళ్లు ముడుచుకోవడం మనకు వింత కాదుగాని, అంతవరకు అక్కడి ప్రయాణికుల విమానాలు చక్రాలను వేలాడదీసుకొనే ఎగిరేవి. అదే నగరంలో కాలినిన్ నిర్మించిన కె-5 గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగం అందుకొంటే, 480 అశ్వశక్తి ఇంజనుతో ఖాయ్-1 మూడువందలు దాటింది. మొత్తం 43 తయారయ్యాయి.

ఇంతవరకు చెప్పి ఆపితే యౌవనంలో కారుచౌకగా కొని చదివిన సోవియట్ పుస్తకాల ధోరణే నాకూ అబ్బినట్టవుతుంది. ఆ విమానం లేచిన శీతకాలంలోనే ఉక్రెయిన్‌లో ధాన్యాన్ని బలవంతంగా సేకరించారు. 1932-33 కరవులో లక్షలాది రైతులు ఆకలితో మరణించారు. మిక్కిలి నష్టపోయిన ప్రాంతాలలో ఖార్కివ్ ఒకటి. ఆ చెక్కరెక్కల కింద ఉన్నవి ఆ ఊళ్లే. విద్యార్థుల ప్రతిభ అబద్ధం కాదు, ఆ ఆకలీ అబద్ధం కాదు. ఒకదానితో ఇంకొకదాన్ని కప్పిపుచ్చడం నాకు సమ్మతం కాదు.

నిర్మాతల గతి మరొక కథ. కాలినిన్‌ను 1938లో నిర్బంధించి, అటుపై కాల్చి చంపారు. నెమాన్‌నూ అదే ఏడాది పట్టుకొన్నారు. విమానాలు గీయగల ఖైదీలకోసం ప్రత్యేకంగా ఏర్పరచిన కార్యాలయం ఒకటుండేది. టుపోలెవ్ వంటి దిగ్దంతులతోపాటు నెమాన్ కూడా అక్కడ కూర్చుని, తనను బంధించిన ప్రభుత్వానికే పటాలు గీశాడు. కారాగారంలో ఉంచి కావ్యం వ్రాయించుకోవడమంటే ఇదే. 1941లో విడుదలయ్యాడు. తరవాత మళ్లీ ఖార్కివ్ విద్యాసంస్థలో పాఠాలు చెప్పాడు. 1952లో కన్నుమూశాడు.

2022 నుంచి ఆ నగరంపై బాంబులు పడుతూ వచ్చాయి. ఆ సంస్థ విశ్వవిద్యాలయమై, ‘ఖాయ్’ అన్న పాత పేరుతోనే ఇప్పటికీ పిలువబడుతోంది.