కూడికే కదా అనుకున్నాను

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ రెండో ఏడు, బయోకెమిస్ట్రీ. "మావయ్యా, నీకు లెక్కలొచ్చు కదా, ఇది చెప్పు" అంటూ ఒక పేజీ ఫొటో పంపింది.

చూస్తే ఆరో తరగతి కూడిక. గ్లూకోజుకి ఫాస్ఫేటు తగిలించాలంటే స్వేచ్ఛా శక్తి మార్పు మోలుకి ప్లస్ 13.8 కిలోజౌళ్ళు. ప్లస్ అంటే దానంతటది సాగదు. ఏటీపీ నీటితో కలిసి ఏడీపీగా, ఫాస్ఫేటుగా విడిపోతే మైనస్ 30.5. రెండూ కూడితే మైనస్ 16.7. మైనస్ వచ్చింది కాబట్టి సాగుతుంది. అంతే.

"కూడిక నాకూ వచ్చు మావయ్యా. అసలు ఈ రెంటినీ ఎందుకు కూడాలి? దానికీ దీనికీ సంబంధమేంటి?"

నేను ఏమాత్రం తడుముకోకుండా "ఏటీపీ అంటే బ్యాటరీ లాంటిదమ్మా. బంధం తెగితే అందులో ఉన్న శక్తి బయటికొచ్చి రెండోదాన్ని నడిపిస్తుంది" అనేశాను. తను "ఓహో" అంది. నమ్మలేదని గొంతులోనే తెలిసింది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నేను చెప్పినదాంట్లో రెండు తప్పులున్నాయి. ఆ తప్పులు దిద్దుకోబోతే కథ భీమవరం దాకా వెళ్ళింది.

ఏటీపీ అనగానే మనవాళ్ళకి యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) గుర్తొస్తాడు. "నోబెల్ రాని తెలుగు మేధావి" అని ఒకప్పుడు మెయిళ్ళలో, ఇప్పుడు వాట్సప్‌లో ఏడాదికోసారైనా ఒక ఫార్వర్డు వస్తుంది. నేనూ పది మందికి పంపిన వాణ్ణే. కానీ "ఇంతకీ ఆయన ఏం చేశాడు?" అని ఎవరైనా అడిగుంటే నీళ్ళు నమిలేవాణ్ణి.

ఆయన చేసిన మొదటి పెద్ద పని ఒక కొలత. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించాడు. ఫాస్ఫేటుకి ఆమ్లంలో మాలిబ్డేటు కలిపి, ఇంకో రసాయనం వేస్తే నీలం రంగు వస్తుంది. ఎంత ఫాస్ఫేటుంటే అంత ముదురు నీలం. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఈ రోజుకీ దానికి అదే పేరు.

ఈ పద్ధతితో కండరాల రసాన్ని కొలుస్తుంటే ఒక తేడా కనిపించింది. మామూలుగా రంగు తేలి ఆగిపోవాలి. ఇక్కడ మాత్రం నిమిషాలు గడిచేకొద్దీ ఇంకా ముదురుతోంది. మన భాషలో చెప్పాలంటే, ఒకే ఇన్‌పుట్‌కి రన్ చేసిన ప్రతిసారీ వేరే అవుట్‌పుట్. మనలో ఎంతమంది "రీస్టార్ట్ చేస్తే పోతుందిలే" అని టికెట్ మూసేస్తాం? వాళ్ళు మూసెయ్యలేదు. రసంలో ఫాస్ఫేటుని అంటిపెట్టుకున్న పదార్థం ఏదో ఉంది, పరీక్షలో వేసిన ఆమ్లానికే అది విరిగి ఫాస్ఫేటు వదులుతోంది అని పట్టుకున్నారు. అంటే అంతకుముందు కొలిచినవాళ్ళు, కొలతలోనే దాన్ని విరగ్గొట్టి, మామూలు ఫాస్ఫేటు ఖాతాలో రాసేస్తున్నారన్నమాట! 1927లో బయటపడ్డ ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే ఏడు దీన్ని గుర్తించారు. అది క్రియాటిన్‌కి ఫాస్ఫేటు తగిలిన పదార్థమని తేల్చింది మాత్రం వీళ్ళిద్దరూ. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతినిస్తే మళ్ళీ పెరుగుతుంది. 1929లో ఏటీపీని కూడా వేరు చేశారు. అదే ఏడు జర్మనీలో మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు.

అప్పటి వాతావరణం కూడా చెప్పాలి. కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లం తయారీయే అని పెద్దల నమ్మకం. కండరాల మీద పనికే హిల్, మేయర్‌హాఫ్‌లకి 1922 సంవత్సరపు నోబెల్ దక్కింది. 1930లో డెన్మార్కులో లుండ్స్‌గార్డ్ ఒక విషంతో లాక్టిక్ ఆమ్లం తయారవకుండా ఆపేశాడు. అయినా కండరం కాసేపు ముడుచుకుంటూనే ఉంది. ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయాకే బిగుసుకుపోయింది. నమ్మకం కూలింది.

మా పిల్ల ప్రశ్నకి జవాబు 1934లో దొరుకుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ కండర రసంలో దానంతటది విరిగిపోదని, తన ఫాస్ఫేటుని ఏడీపీకి అందించి దాన్ని ఏటీపీగా మారుస్తుందని లోమన్ చూపించాడు. ఇప్పుడు లెక్క చూడండి. ఫాస్ఫోక్రియాటిన్ నీటితో విడిపోతే మైనస్ 43.1. ఏడీపీ నుంచి ఏటీపీ తయారీ ప్లస్ 30.5. మొత్తం మైనస్ 12.6. సమతాస్థితి స్థిరాంకం కడితే 25 డిగ్రీల దగ్గర దాదాపు 160, అంటే మొగ్గు ఏటీపీ వైపే.

అసలు కిటుకు ఇక్కడుంది. మనం కూడిన రెండు చర్యలూ ఆ రూపంలో అసలు జరగనే లేదు! ఫాస్ఫేటు నీటిలోకి దిగకుండా ఎన్‌జైము చేతుల మీదుగా ఇటు నుంచి అటు వెళ్ళిపోయింది. స్వేచ్ఛా శక్తికి దారితో పనిలేదు, మొదలూ చివరా చాలు. అందుకే జరగని రెండు చర్యల అంకెలు కూడినా, జరిగిన చర్యకి సరైన జవాబొస్తుంది. కూడే హక్కు మనకిచ్చింది చేతులు మారిన ఆ ఫాస్ఫేటు. గ్లూకోజు లెక్కలోనూ అంతే.

మా తాతగారి ఊళ్ళో ఏతం ఉండేది. మనిషి దూలం మీద నడుస్తూ అటు దిగితే ఇటు బాన పైకొచ్చేది. అదే మనిషి దూలం వదిలేసి గట్టు మీంచి కిందకి గెంతితే? కాళ్ళు నొప్పెడతాయి, నీళ్ళు మాత్రం రావు. ఏటీపీ ఊరికే నీటితో విడిపోతే వచ్చేది వేడి. ఒకే సర్వర్లో రెండు ప్రాసెస్‌లు నడిచినంత మాత్రాన ఒకదాని అవుట్‌పుట్ రెండోదానికి చేరదు కదా, మధ్యలో పైపుండాలి. ఇది నా మొదటి తప్పు.

రెండోది "బంధం తెగితే శక్తి" అనడం. బంధం తెంచడానికి ఎప్పుడైనా శక్తి ఖర్చవుతుంది. తెగాక ఏర్పడ్డవి నీటిలో మరింత నిలకడగా ఉంటాయి కాబట్టి మొత్తం మీద మైనస్ వస్తుంది. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ "అధిక శక్తి ఫాస్ఫేటు బంధం" అంటూ ఒక వంకర గీత గుర్తు పెట్టాడు. లెక్కలకి అది బాగా పనికొచ్చింది గానీ, శక్తంతా ఆ గీతలో దాక్కున్నట్టు నాలాంటి వాళ్ళు అపార్థం చేసుకున్నారు.

ఇంకో మాట. మైనస్ 30.5 అన్నది అన్నిటి గాఢతా 1 మోలార్ అనుకుని కట్టిన అంకె. బతికున్న కణంలో ఏటీపీ ఎక్కువ, ఏడీపీ తక్కువ, అన్నీ మిల్లీమోలార్లలోనే. అక్కడ అది దాదాపు మైనస్ 50 అవుతుంది. టెస్ట్ సర్వర్ అంకెలు పట్టుకుని ప్రొడక్షన్ గురించి మాట్లాడకూడదని మనకి వేరే చెప్పాలా?

సుబ్బారావుకి హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు, 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయాడు. నోబెల్ రాలేదన్న బాధ నాకూ ఉంది. కానీ ఆయన ముదురుతున్న నీలం రంగుని చూసి ఎందుకని ఆగాడు. మనం ఆయన పేరు చూసి, ఏం చేశాడో అడక్కుండా ఫార్వర్డ్ నొక్కాం. ఆయన మీద గౌరవమంటే ఏమిటో మా పిల్లే నయం, కూడిక ముందు ఆగి "ఎందుకు కూడాలి" అంది.

రాత్రి తనకి ఫోన్ చేసి బ్యాటరీ మాట వెనక్కి తీసుకుని, ఏతం సంగతి చెప్పాను. "ఏతమంటే ఏంటి మావయ్యా?" అంది.

అది ఇంకో ఆదివారం.