రాగి మోసిన వేడి: వేన్నీళ్ల బాయిలర్ నుంచి ల్యాప్‌టాప్ దాకా

వేడిని ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేయడానికి రాగిని వాడుకోవడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. అనకాపల్లి మైదానానికీ, చింతపల్లి, లంబసింగి వైపు ఎక్కే మన్యానికీ నడుమ తూర్పు కనుమల అంచున ఉన్న నర్సీపట్నం వేసవిలో ఎంత కాగిపోతుందో, పైన ఉన్న లంబసింగి శీతకాలంలో అంత వణికిస్తుంది. స్నానపు నీళ్లు కాచుకోవడం తప్పని ఇలాంటి సీమలో కాగులు, గంగాళాలు, బిందెలు ఇంటి ఆస్తిలో భాగమయ్యాయి. శ్రీకాకుళం జిల్లా బుడితి, గోదావరి సీమలోని అజ్జరం లోహపాత్రలకు పేరుపొందాయి. బుడితి ఇత్తడి, కంచు పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే రాగికి జింకు కలిపి చేసే ఇత్తడి, వేడిని మోయడంలో శుద్ధమైన రాగితో పోలిస్తే మూడో వంతుకైనా చేరదు కనుక, వేన్నీళ్ల బాయిలర్‌కు మాత్రం రాగిరేకే అసలైన సరుకుగా నిలిచింది.

ఆ బాయిలర్ నిర్మాణాన్ని దగ్గరగా పరిశీలించడం అవసరం. నిలువుగా నిలబడిన రాగి పాత్ర నడుమ కింది నుంచి పైదాకా ఒక గొట్టం ఉంటుంది. దాని అడుగున ఇనుప జల్లెడ మీద బొగ్గులో కొబ్బరి డొక్కలో మండుతుంటే, చుట్టూ నిలిచిన నీళ్లు గొట్టం గోడ గుండా వేడిని గుంజుకుంటాయి. మంట వేడి ఎన్నో వందల డిగ్రీలున్నా, అవతల నీళ్లు ఉన్నంతసేపు ఆ గోడ నీటి వేడికి దగ్గరగానే ఉంటుంది. నీళ్లు ఇంకిపోయాయా, అతుకులు ఊడుతాయి. ఎందుకంటే తగరం, సీసం కలిపిన టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. పులుసు తగిలితే చిలుము పట్టి విషమయ్యే వంటపాత్రల లోపల కళాయి వేసే పనివాడు, తిత్తి ఊది పాత్రను కాచి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా రుద్దేవాడు. ఆ తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టే, కళాయి పాత్రను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదన్న కట్టుబాటు వంటింట్లో ఏర్పడింది. రాగి వేడిని దాచుకోదు, దాటిస్తుంది; అవతల అందుకునేది లేకపోతే ఆ గుణమే చేటు తెస్తుందన్న సంగతి ఈ పనివారికి చేతిపనిలో తెలిసిన శాస్త్రం.

లోహాలు వేడిని మోసే తీరును ఐరోపాలో శాస్త్రవేత్త ఇంగెన్‌హౌస్ 18వ శతాబ్దం చివర మైనం పూసిన లోహపు కడ్డీలతో పరీక్షించగా, 1822లో గణితవేత్త ఫూరియే గణితంగా మలిచాడు. వేడిని మోసే శక్తిని ఉష్ణవాహకత అంటారు. మీటరుకు ఒక్కో డిగ్రీకి రాగిది సుమారు 400 వాట్లు, అల్యూమినియానిది 237, స్టెయిన్‌లెస్ స్టీలుది 16 మాత్రమే. అంతటి వెనుకబాటు ఉన్నా, చవకగా దొరికి, కళాయి అక్కరలేని స్టీలే వంటింటిని గెలిచింది. కళాయి వేసేవారి కేక వీధుల్లో వినిపించడం మానేసింది.

రాగి ఇంట్లోకి మళ్లీ వచ్చిన దారి కంప్యూటరు. 1942లో జనరల్ మోటార్స్ ఇంజనీరు గాగ్లర్ పేటెంటుకు దరఖాస్తు చేసిన ఊహను 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో గ్రోవర్ తిరిగి కనిపెట్టి, హీట్‌పైపు అని పేరు పెట్టాడు. కంప్యూటర్లలో ఇది లోపల కొద్దిపాటి నీరు మూసి ఉంచిన రాగి గొట్టం. చిప్ దగ్గర నీరు ఆవిరై, చల్లని కొసన మళ్లీ నీరై, లోపలి సన్నని పొర వెంబడి వెనక్కి వస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఈ గొట్టాలు వేడిని రెక్కల దొంతర దాకా, అంటే హీట్‌సింక్ దాకా మోస్తాయి. ఫ్యాను గాలి దాన్ని బయటికి తోస్తుంది. చిప్ వంద డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది.

అందుకే గొట్టాల మీద అదనంగా రాగి ముక్కలు అతికించే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఇందులో మేలెంతో లెక్క కట్టవచ్చు. 50 గ్రాముల రాగి ఒక్క డిగ్రీ వేడెక్కడానికి సుమారు 19 జౌళ్లు కావాలి; 20 వాట్ల అదనపు వేడి దానిలోకి చేరుతుంటే 30 డిగ్రీలు పెరగడానికి అరనిమిషం చాలు. ఆ పైన అది కూడా వేడి ముద్దే. ఫ్యాను గాలి తగిలే చోట రెక్కలుగా అమర్చినప్పుడూ, చిప్‌కూ హీట్‌సింక్‌కూ నడుమ ఎక్కువగా ఉన్న ఖాళీని పలుచని రాగి బిళ్లతో పూడ్చినప్పుడూ రాగి నిజంగా పనిచేస్తుంది. గాలి ఆడని మూలలో అతికిస్తే ఆలస్యమే తప్ప చల్లదనం రాదు. రాగి విద్యుత్తునూ అంతే బాగా మోస్తుంది కాబట్టి, ఊడిపడిన ముక్క బోర్డును కాల్చేయగలదు.

ఏ హీట్‌సింకైనా, ఫ్యాను తోసే గాలి ఎంత వేడిగా ఉందో అంతకంటే కిందికి చిప్‌ను దించలేదు. నర్సీపట్నంలో ఎండలు మండే మే నెలలో ల్యాప్‌టాప్ వాడే యువకులు ముందుగా ఫ్యాను రెక్కల దుమ్ము దులిపించి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించి, ఆ తర్వాతే రాగి కొనడం మంచిది.